కెమెల్లియా మొగ్గలు ఎందుకు రాలిపోతున్నాయి?

ప్రశ్న: మా కెమెల్లియా పూలమొక్క మూడేళ్లుగా కుండీలోనే ఉంది. ఏటా చెట్టు నిండా మొగ్గ వేస్తుంది, తీరా విచ్చుకునే వేళకి ఒక్కొక్కటే రాలిపోతాయి. రాలడం మొదలవగానే రోజూ నీళ్లు పోస్తున్నాను, అయినా ఆగడం లేదు. కొత్త ఆకులు కూడా పసుపు రంగులోకి మారుతున్నాయి. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు టెన్షన్ పడకండి, అన్ని మొగ్గలు వేస్తోందంటే మొక్కలో బలం ఉన్నట్టే. చాలావరకు ఇది కొన్ని నెలల కిందట నీళ్లు తగ్గిన ఫలితం. కెమెల్లియా మొగ్గ కట్టేది ఎండాకాలంలో, పూసేది చలికాలం ఆ చుట్టుపక్కల. మొగ్గ ఊరే ఆ రోజుల్లో మట్టి ఒకటి రెండుసార్లు బాగా ఎండినా ఆకులు దళసరిగా నిగనిగలాడుతూనే ఉంటాయి కాబట్టి మనకేమీ తెలియదు, మొగ్గలు మాత్రం తర్వాతెప్పుడో రాలతాయి. ఇప్పుడు రోజూ పోస్తే వేళ్లు కుళ్లుతాయి, దయచేసి ఆపండి. వేలు మట్టిలోకి రెండు కణుపుల దాకా దించి చూసి, లోపల పొడిగా తగిలితేనే పొయ్యండి.

కుండీలో ఇంకో మోసం ఉంది. బాగా ఎండిన మట్టి గట్టిపడి అంచుల నుంచి విడిపోతుంది, పోసిన నీళ్లు ఆ సందులోంచి కిందికి జారిపోతాయి, అడుగున నీళ్లు కారాయి కదా అనుకుంటాం గానీ వేళ్ల మధ్యన చుక్క కూడా చేరదు. అలా అనిపిస్తే కుండీని అరగంట నీళ్ల తొట్టిలో ఉంచి తీసెయ్యండి.

ఆకుల సంగతికొస్తే, ఈనెలు ఆకుపచ్చగానే ఉండి మధ్యభాగం పసుపెక్కితే అది ఇనుము అందకపోవడం. తేయాకు మొక్క దీనికి తోబుట్టువే, రెండింటికీ ఆమ్ల గుణమున్న మట్టే కావాలి, పీహెచ్ (మట్టి ఆమ్ల గుణానికి కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 నుంచి 6.5 మధ్య. సున్నం ఉన్న నీళ్లు పోస్తూ పోతే ఆ పీహెచ్ పెరిగిపోయి వేళ్లకి ఇనుము అందదు. వీలైతే వాన నీళ్లు పట్టి పొయ్యండి, చెలేటెడ్ ఐరన్ (వేళ్లు సులువుగా పీల్చుకునే రూపంలోని ఇనుము) ఇవ్వండి, బూడిద మాత్రం దగ్గరికి రానివ్వకండి, అదీ పీహెచ్ పెంచేదే.

కుండీ మార్చడం, కొమ్మలు కత్తిరించడం పూత అయిపోయిన వెంటనే చెయ్యాలి, ఆలస్యమైతే వచ్చే ఏటి మొగ్గల్నే కోసేసినట్టు. మార్చేటప్పుడు వేళ్ల ముద్ద పైభాగం మట్టిలో కూరుకుపోకుండా చూసుకోండి, దీని వేళ్లు పైపైనే పాకుతాయి.