పచ్చ మీథెన్ కొనే ముందు

అమ్మడూ,

మొదటి జీతంతో స్విస్ స్టాంపు కొంటున్నావట. "అన్నయ్యా, ఇదంతా నీ వల్లే" అని మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. 3 ఫ్రాంకుల మీథెన్ కొండల స్టాంపు అనగానే పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

1914లో వచ్చింది ఆకుపచ్చది, 1918లో వచ్చింది ఎర్రది. రెంటి మీదా ష్విట్స్ ఊరి పైన నిలబడ్డ అవే జంట కొండలు. పచ్చదే ఖరీదు, అందుకే అసలుదేనని సర్టిఫికెట్ లేకుండా కొనకు. వెనక వైపు ఫోటో అడుగు. వేళ్ళతో ముట్టుకోకు.

కవరు మీద అంటించి ఉన్న స్టాంపు దొరికితే మాత్రం, తల్లీ, కత్తెర తీయకు.

మీ తాతయ్యకి వాచీ రిపేరు దుకాణం ఉండేది కదా. విడిభాగాల కోసం పెళ్ళికి ముందే స్విట్జర్లాండ్‌కి ఉత్తరాలు రాసేవారు. పన్నెండేళ్ళప్పుడు ఆయన ట్రంకు పెట్టెలో నాకొక పాత కవరు దొరికింది. మీద ఊదారంగు సిరాతో 'కొకనాడ' అని అడ్రసు, మూలన మూడు స్టాంపులు. ఒకటి 5 సెంటీమ్‌ల పచ్చ పిలాటస్ కొండ. ఆ మూల కత్తిరించి వేడినీళ్ళలో పడేశాను. సిరా కారి గిన్నె అంతా ఊదా అయింది. మిగిలిన కవరు నీళ్ళ పొయ్యిలోకి పోయింది.

చాలా ఏళ్ళ తర్వాత భూతద్దం పెట్టి చూస్తే పిలాటస్ మీద పోస్టు ముద్ర ముక్క కనిపించింది. 'లూట్స్' వరకే ఉంది, మిగతాది కాగితంతో పాటే బూడిదైంది. లూట్సెర్న్! 2,128 మీటర్ల ఆ కొండ కిందున్న ఊరే. కొండ బొమ్మ, కొండ కింద వేసిన ముద్ర, రెండూ ఒక్క కవరు మీద! నా ఆల్బమ్ మొత్తం ఇచ్చినా అలాంటిది మళ్ళీ రాదు.

నాన్న తిట్టలేదు. కంటికి పెట్టుకున్న అద్దం తీయకుండానే, "దాని వెనక వాళ్ళ అడ్రసు ఉందిరా, ఒకసారి రాసి చూద్దామనుకున్నా" అన్నారు. తిట్టినా బాగుండేది.

డబ్బు సరిపోకపోతే ఎర్రది కొను, సిగ్గేం లేదు. లేదా నాకు చెప్పు, మీ అమ్మకి చెప్పకు. ఇక్కడికి తెచ్చేది మాత్రం వానాకాలంలో కాదు. కాకినాడ తేమకి జిగురు కరిగి పేజీకి అతుక్కుంటుంది. సంక్రాంతికి తీసుకురా, నాన్న అద్దం తుడిచి ఉంచుతాను.

మీ మావయ్య