ఆకుపచ్చ ట్యూబులు పక్కన పెట్టండి

ప్రశ్న: మా కాలవ గట్టు, వరిచేలు, వెనకాల కొబ్బరితోట ఆక్రిలిక్‌లో వేశానండి. 18 రంగుల సెట్టంతా వాడినా బొమ్మ అతుకులేసినట్టుంది, పచ్చదనం కళ్లలో పొడుస్తోంది. బాగుచేయొచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: తప్పకుండా చేయొచ్చమ్మా. అల్ట్రామెరైన్ బ్లూ, లెమన్ యెల్లో, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), తెలుపు, ఈ నాలుగే ఉంచుకోండి. కోనసీమ పచ్చలన్నీ వీటితోనే కలుపుకోవచ్చు, పైగా ప్రతి పచ్చలోనూ అవే రంగులుంటాయి కాబట్టి బొమ్మంతా ఒక్కటిగా కనిపిస్తుంది. లేత చేనుకి పసుపు ఎక్కువ, నీలం కొంచెం. కొబ్బరాకుల నీడకి నీలం పెంచి కాస్త సియెన్నా వేయండి, అందులోని ఎరుపు ఆ పచ్చ పొగరుని వెంటనే దించేస్తుంది. నలుపు కూడా అక్కర్లేదు, నీలంలో సియెన్నా కలిపితే దాదాపు నలుపే.

అసలు కష్టం దూరం చూపించడంలో ఉంది. మన డెల్టా బల్లపరుపు నేల, వెనకాల కొండల్లేవు, అందుకే లోతంతా రంగుతోనే రావాలి, దూరపు తోటల్ని తెలుపు, నీలం ఎక్కువ కలిపి బూడిదరంగులోకి తెచ్చి అంచులు మెత్తగా వదిలేయండి, ఆకులు గీయొద్దు. వరదల రోజుల్లో కాలవ నీరు ఎర్రగా ఉంటుంది కదా, దానికి సియెన్నా, తెలుపు చాలు, పైన అక్కడక్కడా ఆకాశం రంగు తగిలించండి.

పాత బొమ్మ పారేయకండి. బాగా పలచన చేసిన సియెన్నా పొరని ఆ పచ్చల మీద ఒకసారి పూసి, ఆరనిచ్చి చూడండి. ఆక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది, అందుకే కొంచెం లేతగానే కలపండి.