బరువు తగ్గాక జాకెట్టు భుజం జారుతుంటే

తొమ్మిది కిలోలు తగ్గాక జాకెట్లను రెండుసార్లు పక్కకుట్లలో బిగించినా భుజం జారుతోందని, మెడ తెరుచుకుంటోందని రాశారు. సరిచేయవలసింది ఛాతీ కాదు, భుజం. పక్కలు ఎంత బిగించినా పైభాగం పాత కొలతలోనే ఉండిపోతుంది, అదనంగా చంక దగ్గర ముడతలు పడతాయి.

1. అద్దం ముందు నిలబడి జాకెట్టు చేతిని భుజానికి కలిపే కుట్టు ఎక్కడ పడుతోందో చూడండి. భుజం ఎముక చివర దాటి చేతి మీదికి జారిందంటే లోపం భుజంలోనే అని తేలినట్టే.

2. చాలామంది వదిలేసే పని ఇది: చేతులు పూర్తిగా విప్పించి, భుజం వెడల్పును రెండు వైపులా సమంగా తగ్గించి, చంక వంపును సరిచేసిన తరువాతే చేతులు తిరిగి అతికించమని దర్జీకి చెప్పాలి. మెడ ఇంకా తెరుచుకుంటే భుజం కుట్టును పావు అంగుళం లోపలికి తీయించండి. శ్రమ ఎక్కువ కాబట్టి దర్జీలు తమంతట తాము ఈ మాట ఎత్తరు (మా వీధి దర్జీ అయితే కొత్తది కుట్టించుకోమన్నాడు).

3. ఇంకా తగ్గుతున్నారు కనుక ప్రస్తుతానికి రెండు జాకెట్లకే ఇలా చేయించండి. పట్టు జాకెట్ల జోలికి ఇప్పుడే వెళ్ళవద్దు. మిగతా చీరల మీదికి సాగే గుడ్డతో కుట్టిన రెడీమేడ్ జాకెట్టు ఒకటి చాలు.

4. పాత లంగా బొందు బిగిస్తే ముడతలన్నీ పొట్ట మీద చేరి, తగ్గిన నడుము కూడా లావుగా కనిపిస్తుంది. వాటిని వెనక్కు సర్ది, ఆపైన కుచ్చిళ్ళు దోపండి.