బీపీ మాత్రల బదులు యాంటీఆక్సిడెంట్లు వాడవచ్చా?

అధిక రక్తపోటు ఉన్నవారి మెదడులో ఆక్సిడేటివ్ స్ట్రెస్ (హానిచేసే చురుకైన ఆక్సిజన్ రూపాలు ఎక్కువవడం) పెరుగుతుందని చదివాననీ, అయితే బీపీ మాత్రలు మాని దాన్ని అణిచే యాంటీఆక్సిడెంట్లయిన విటమిన్ సి, ఇ వేసుకుంటే చాలదా అనీ, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయనీ మీరు రాశారు. పరిశోధక విద్యార్థిగా నాలుగేళ్లపాటు ఎలుకల్లో నేను కొలిచింది ఇదే విషయం.

మెడలోని కెరోటిడ్ ధమనిలోను, బృహద్ధమని వంపులోను రక్తపోటును పసిగట్టే నాడుల కొసలు ఉంటాయి. పోటు పెరగగానే అవి మెదడు అడుగున ఉండే మజ్జాముఖానికి కబురు పంపుతాయి. ఒకటి రెండు స్పందనల్లోనే గుండె నెమ్మదిస్తుంది, మరికొన్ని సెకన్లకు రక్తనాళాలు సడలుతాయి. మేము నాళాలను బిగించే ఫినైలెఫ్రిన్ అనే మందు ఇచ్చి ఎలుకలో కాసేపు పోటు పెంచి, గుండె వేగం ఎంత తగ్గుతుందో చూసేవాళ్లం. పెరిగేకొద్దీ దానంతటదే అధిక రక్తపోటు వచ్చే ఎలుకల జాతిని ఒకామోటో, అయోకి అనే జపాన్ శాస్త్రవేత్తలు 1963లో ప్రపంచానికి తెలియజేశారు. ఆ జాతి ఎలుకల్లో పోటు మామూలు ఎలుకల్లో పెరిగినంతే పెరిగినా, గుండె వేగం తగ్గవలసినంత తగ్గేది కాదు. మొదటిసారి మందు సరిగా ఎక్కలేదేమోనని మళ్లీ చేశాను, ఫలితం మారలేదు.

దీనికి ఒక ముఖ్య కారణం మజ్జాముఖంలోనే ఉంది. అక్కడ రక్తపోటును పెంచే ఆంజియోటెన్సిన్ అనే హార్మోను ప్రభావం పెరిగినప్పుడు, నాడీకణాల్లోని ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము, చురుకైన ఆక్సిజన్ రూపాల్లో ఒకటైన సూపర్ ఆక్సైడ్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. అది నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను హరించడంతోపాటు, గుండెను, నాళాలను బిగించే సహానుభూత నాడులను మరింత ఉసిగొల్పుతుంది.

అలాగైతే విటమిన్ ఎందుకు పనిచేయదని మీకు అనిపించడం సహజమే. మా నాన్నగారు కూడా అలాగే అనుకొని, నాకు చెప్పకుండా కొన్ని వారాలు మాత్రలు ఆపేశారు. ఆ రోజుల్లో ఇంట్లో రాసుకున్న అంకెలు చూసి నేను చాలా భయపడ్డాను. సూపర్ ఆక్సైడ్ విటమిన్ సితో కన్నా నైట్రిక్ ఆక్సైడ్‌తో వేల రెట్లు వేగంగా కలుస్తుంది కాబట్టి, ఆ పోటీలో విటమిన్ వెనుకబడుతుంది. 2000లో వెలువడిన హోప్ అనే వైద్య పరీక్షలో రోగులకు రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ కొన్నేళ్లు ఇచ్చినా గుండెపోటు, పక్షవాతం తగ్గలేదు. పుట్టిన సూపర్ ఆక్సైడ్‌ను వెంటాడడం కన్నా దాని పుట్టుకనే తగ్గించడం మేలని నా అభిప్రాయం. ఆంజియోటెన్సిన్‌ను అడ్డుకునే మందులు, క్రమం తప్పని వ్యాయామం ఎలుకల మజ్జాముఖంలో ఆ పని చేశాయి. వ్యాయామం చేయించిన ఎలుకల్లో పోటు పెరగగానే గుండె నెమ్మదించే ఈ ప్రతీకార చర్య కూడా మెరుగుపడింది.

ఇక మీ కళ్లు తిరగడం గురించి: అయిదు నిమిషాలు పడుకొని ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలోను మూడో నిమిషంలోను మరోసారి బీపీ చూసుకోండి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని, అంతకు మించి గాని పడిపోతే ఆ కాగితం డాక్టరుగారికి చూపించండి. మందు మోతాదును మార్చడం ఆయన చేయవలసిన పని. అంతవరకు మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.