సందేహాలు - సమాధానాలు: గెలాక్సీ గాలి

ప్రశ్న: ఒక ఖగోళ భౌతిక ఆచార్యుల పరిశోధన అంశం 'గెలాక్సీ పవనాలు' అని చదివాను. శూన్యంలో గాలేమిటండీ? దాని వేగం ఎలా కొలుస్తారు?
– డిగ్రీ విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: గాలంటే ఇక్కడ మహా పలచని వాయువు. నక్షత్రాలు జోరుగా పుట్టేచోట వాటిలో భారీవి నాలుగైదు కోట్ల ఏళ్లలోపే పేలిపోతాయి. ఆ పేలుళ్లకు వేడెక్కిన వాయువు గెలాక్సీ పళ్లెం వెంబడి దారి దొరక్క, పైకీ కిందికీ తన్నుకొస్తుంది.

వేగం పట్టివ్వడానికి సోడియం బాగా పనికొస్తుంది. ఎల్‌ఈడీలు రాకముందు మన వీధి దీపాల పసుపు రంగు దానిదే. గెలాక్సీ వెలుగుకు అడ్డొచ్చిన చల్లని వాయువులోని సోడియం 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర రెండు నల్లగీతలు గీస్తుంది. ముందు గెలాక్సీ సొంత వేగాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఆ తర్వాత కూడా గీతలు నీలం వైపు జరిగి ఉంటే, వాయువు మనవైపు వస్తోందన్నమాట. అది మనకూ గెలాక్సీకీ మధ్యన ఉంది కాబట్టి, మనవైపు రావడమంటే గెలాక్సీని వదిలి రావడమే.

చిక్కు ఎక్కడంటే, వాయువు సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకోండి. అది కాంతి వేగంలో వెయ్యో వంతు. కాబట్టి గీత 0.59 నానోమీటర్లు జరుగుతుంది. రెండు గీతల మధ్య ఎడమూ దాదాపు అంతే! జరిగిన రెండో గీత సరిగ్గా మొదటిదాని చోట్లో కూర్చుంటుంది. విడివిడిగా కొలిస్తే తప్పుతుంది, జంటగానే అమర్చాలి. పైగా ముసలి నక్షత్రాల్లోనూ సోడియం ఉంటుంది. నక్షత్రాల నుంచే వచ్చే, 517 నానోమీటర్ల దగ్గరి మెగ్నీషియం గీతలు చూసి నక్షత్రాల వాటా తీసేయకపోతే, లేని వాయువును ఉన్నట్టు లెక్కగట్టేస్తాం.

ప్రశ్న: మా 6 అంగుళాల టెలిస్కోపుతో భీమిలి నుంచి ఎం82 గెలాక్సీ పవనం కనిపిస్తుందా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: గెలాక్సీ కనిపిస్తుంది, పవనం కనిపించదు. సప్తర్షుల్లో పులస్త్యుడి నుంచి క్రతువుకు గీత గీసి, అంతే దూరం ముందుకు పొడిగించండి. మార్చి మధ్యలో రాత్రి 10కి, ఏప్రిల్ మధ్యలో 8కి అది బాగా ఎత్తున ఉంటుంది. ఎంత ఎత్తన్నా మన దగ్గర 38 డిగ్రీలే. నగరం వెలుగు మీకు నైరుతిన పడుతుంది కనుక ఉత్తరాకాశం నయం. 32 మిల్లీమీటర్ల ఐపీస్‌లో ఎం81 అనే మరో గెలాక్సీ పక్కనే, సన్నని చుట్టలా ఎం82 దొరుకుతుంది.

1.2 కోట్ల కాంతి సంవత్సరాల అవతలి ఆ పవనపు ఎర్రని పోగులు కావాలంటే కెమెరా, 656 నానోమీటర్ల హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టరు, గైడింగ్ ఉన్న ఈక్వటోరియల్ మౌంటు (చుక్కల కదలికను వెంబడించే పీఠం) ఉండాలి. అయిదేసి నిమిషాల ఫ్రేములు నలభై తీసి కలపండి. చేత్తో తిప్పే డాబ్సోనియన్ మౌంటుతో ఇది కుదరదు. అద్దం మీద ఉప్పు తుంపర పడితే మాత్రం పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి.

ప్రశ్న: ఎగిరిపోయిన వాయువు తిరిగొస్తుందా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: గెలాక్సీ బరువును బట్టి. సూర్యుడి దగ్గర పాలపుంత పట్టు తప్పించుకోవాలంటే సెకనుకు దాదాపు 550 కిలోమీటర్ల వేగం కావాలి. అంతకు తగ్గితే ఫౌంటెన్ నీళ్లలా మళ్లీ కిందికే వచ్చి, కొత్త నక్షత్రాలకు సరుకవుతుంది. మరుగుజ్జు గెలాక్సీలకు అంత పట్టు లేదు. పోయింది చాలావరకు పోయినట్టే.