డిస్క్ డ్రైవ్ లేని కొత్త ల్యాప్‌టాప్‌లోకి పాత లైసెన్సు సాఫ్ట్‌వేర్‌ను మార్చుకోవడం ఎలా?

డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ డిస్కు మీ దగ్గర ఉంది, పెట్టె మీద కీ కూడా ఉంది, కానీ కొత్త ల్యాప్‌టాప్‌కు డిస్క్ డ్రైవ్ లేదు, పాతది ఇంకెంత కాలం పనిచేస్తుందో తెలియదు, ఇప్పుడేం చేయాలి అన్నది మీ ప్రశ్న. పుస్తకాల పేజీలు కూర్చే ఒక పాత సాఫ్ట్‌వేర్‌ను నేను ఇదే పరిస్థితిలో కొత్త యంత్రంలోకి మార్చుకున్నాను. ఏళ్ల తరబడి అందులో తయారుచేసిన ఫైళ్లు మరే ప్రోగ్రాములోనూ సరిగ్గా తెరుచుకోవు కాబట్టి దాన్ని వదులుకునే వీలు నాకు లేకపోయింది. ఆ అనుభవంతో చెబుతున్నాను: డ్రైవ్ లేకపోవడం వీటన్నిటిలోకీ తేలికగా తీరే ఇబ్బంది. అసలు చిక్కు లైసెన్సు దగ్గర వస్తుంది. అందువల్ల డిస్కు సంగతి కాస్త ఆగి చూద్దాం. పాత ల్యాప్‌టాప్ ఇంకా ఆన్ అవుతూ ఉండగానే దానితో చేయవలసిన పనులు ముందు పూర్తిచేయండి, ఎందుకంటే అది ఆగిపోయాక వాటిలో కొన్ని ఇక ఎప్పటికీ చేయలేరు.

మొదటిది యాక్టివేషన్, అంటే ఈ యంత్రంలో వాడుకోవడానికి ఆ కీ చెల్లుతుందని నిర్ధారించడం. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు కీ టైపు చేస్తే చాలు, ఇంకెవరినీ అడగకుండా పనిచేస్తాయి. అలాంటివైతే మీకు చింత లేదు. మరికొన్ని మాత్రం ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌ను సంప్రదించి, ఈ కీ ఎన్ని యంత్రాల్లో నడుస్తోందో లెక్క చూసుకుంటాయి. మీది ఆ రెండో రకమైతే, పాత ల్యాప్‌టాప్‌లో ఆ ప్రోగ్రాము తెరిచి, హెల్ప్ మెనూలోనో లైసెన్సు వివరాల పేజీలోనో డీయాక్టివేట్ అనే ఎంపిక ఉందేమో వెతకండి. ఉంటే, కొత్త యంత్రంలో ఇన్‌స్టాల్ చేయబోయే రోజున దాన్ని వాడి పాత యంత్రం పేరు మీద ఉన్న లెక్కను విడిపించండి. ప్రోగ్రామును అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన చాలా సందర్భాల్లో ఆ లెక్క తగ్గదు, హార్డ్ డిస్కును ఫార్మాట్ చేస్తే అసలే తగ్గదు. నేను ప్రయత్నించినప్పుడు ఇంటర్నెట్ ద్వారా డీయాక్టివేషన్ పూర్తికాలేదు. ఆ కంపెనీ వినియోగదారుల సేవా విభాగానికి కొనుగోలు రసీదు, కీ, పాత సంస్కరణ సంఖ్య పంపితే వారే తమ వైపు నుంచి లెక్కను సరిచేశారు. రసీదు దాచి ఉంచడం వల్లనే అది సాధ్యమైంది.

లైసెన్సు షరతుల్లో ఏముందో కూడా ఒకసారి చదవండి. కంప్యూటరుతో పాటే వచ్చిన ఓఈఎం లైసెన్సు సాధారణంగా ఆ కంప్యూటరుకే పరిమితం, దాన్ని కొత్త యంత్రానికి తీసుకుపోయే హక్కు ఉండదు. విడిగా పెట్టెలో కొన్న రిటైల్ లైసెన్సుకు ఆ హక్కు మామూలుగా ఉంటుంది. మీరు పెట్టె, కీ విడిగా ఉన్నాయంటున్నారు కాబట్టి మీది బహుశా రిటైలే, అయినా డిస్కు మీద ముద్రించిన మాటలు చూసి నిర్ధారించుకోవడం మంచిది.

యాక్టివేషన్ సర్వర్లు ఎల్లకాలం నడవవన్నది ఇంకో సంగతి. అడోబీ సంస్థ 2005లో విడుదల చేసిన క్రియేటివ్ సూట్ 2 కోసం నడిపిన సర్వర్లను 2012 చివర్లో ఆపేసింది. అప్పటికే కొనుక్కున్నవారు ఇబ్బంది పడకుండా యాక్టివేషన్ అవసరం లేని ప్రతిని, దానికి తగిన సీరియల్ నంబరును అందుబాటులో ఉంచింది. అన్ని కంపెనీలూ అలా చేస్తాయని అనుకోవడానికి లేదు. కనుక ఇన్‌స్టాల్ మొదలుపెట్టకముందే తయారీదారు వెబ్‌సైటులో మీ సంస్కరణ పేరుతో వెతికి, యాక్టివేషన్ ఇంకా నడుస్తోందా, ఫోను ద్వారా చేసే ఏర్పాటు ఉందా, కీ ఉన్నవారికి డౌన్‌లోడ్ ఇస్తున్నారా అన్నవి తెలుసుకోండి. డౌన్‌లోడ్ దొరికితే డిస్కుతో పనే ఉండదు.

ఇక కీ. పెట్టె మీది అక్షరాలను కాగితం మీద రాసుకోవడమే కాక, వెలుతురులో స్పష్టంగా ఫోటో కూడా తీసుకోండి. మైక్రోసాఫ్ట్ కీలలో ఐదేసి చొప్పున 25 అక్షరాలుంటాయి, వాటిలో బీ అక్షరాన్ని 8గా, జీ అక్షరాన్ని 6గా పొరపడడం తేలిక. స్టిక్కరు చెరిగిపోయి ఉంటే, ఇన్‌స్టాల్ అయి ఉన్న పాత యంత్రం నుంచి కొన్ని సాఫ్ట్‌వేర్ల కీని బయటికి తీసే ప్రొడ్యూకీ వంటి చిన్న ఉపకరణాలున్నాయి. అయితే ఆఫీస్ 2013 వంటివి కీలోని చివరి ఐదు అక్షరాలనే యంత్రంలో దాచుకుంటాయి కనుక అక్కడ ఈ మార్గం పనికిరాదు.

పాత యంత్రం నుంచి మరొకటి కూడా తీసుకోవాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. డిస్కులో ఉన్నది మొదటి రోజు విడుదలైన సంస్కరణ మాత్రమే. ఆ తర్వాత వచ్చిన సర్వీస్ ప్యాకులు, నవీకరణలు మీ పాత ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో చేరిపోయి ఉంటాయి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ప్రతిలో ఉండవు. మద్దతు ముగిసిన సంస్కరణల నవీకరణ ఫైళ్లను కంపెనీలు వెబ్‌సైట్ల నుంచి తొలగించడం మామూలే. నవీకరించిన ప్రతిలో భద్రపరిచిన ఫైలును నవీకరించని ప్రతి తెరవలేకపోవచ్చు కూడా. అందుచేత పాత యంత్రంలోని డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఆ నవీకరణ ఫైళ్లు మిగిలి ఉన్నాయేమో వెతికి దాచుకోండి. మీరు తయారుచేసుకున్న టెంప్లేట్లు, ప్లగిన్లు, ఫాంట్లు, సెట్టింగులు కూడా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. ప్రోగ్రాము ఫోల్డరునే యథాతథంగా కాపీ చేసుకుంటే సరిపోతుందని అనుకోవద్దు, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో రాసుకున్న వివరాలు దానితో పాటు రావు.

ఇప్పుడు డిస్కు దగ్గరికి వద్దాం. యూఎస్‌బీతో కలిపే బయటి డీవీడీ డ్రైవ్ ఒకటి అరువు తెచ్చుకున్నా, కొనుక్కున్నా పని జరుగుతుంది. కానీ మీ పాత ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ ఉందంటే అదీ అవసరం లేదు. ఏ డ్రైవ్ వాడినా సరే, డిస్కు నుంచి నేరుగా ఇన్‌స్టాల్ చేయడానికి బదులు ముందు డిస్కు మొత్తాన్ని ఐఎస్‌ఓ ఫైలుగా, అంటే డిస్కులోని సమస్తం ఒకే ఫైలులో ఉండే ప్రతిగా మార్చుకోమని గట్టిగా చెబుతాను. డిస్కులు ఏళ్లు గడిచేకొద్దీ చదవడానికి వీల్లేకుండా పోతాయి, ఒక ఐఎస్‌ఓ ఉంటే ఆ డిస్కుతో మళ్లీ పని పడదు. భద్రత కోసం ఒక ప్రతి ఉంచుకోవడానికి చాలా లైసెన్సులు అనుమతిస్తాయి, మీ దానిలోని షరతు చూసుకోండి.

ఫైళ్లను మామూలుగా ఒక ఫోల్డరులోకి కాపీ చేస్తే చాలదా అన్న సందేహం రావచ్చు. కొన్నిసార్లు చాలుతుంది. అయితే డిస్కుకు ఒక వాల్యూమ్ పేరు ఉంటుంది, చాలా ఇన్‌స్టాలర్లు ఆ పేరు చూసుకున్నాకే ముందుకు సాగుతాయి. ఫోల్డరుకు ఆ పేరు ఉండదు కనుక సగం పని అయ్యాక డిస్కు పెట్టమని అడిగి ఆగిపోతాయి. ఐఎస్‌ఓలో ఆ పేరుతో సహా డిస్కు యథాతథంగా ఉంటుంది. విండోస్ 8 మొదలుకొని ఐఎస్‌ఓ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే అది ఒక డిస్క్ డ్రైవ్‌లా కనిపిస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఐఎస్‌ఓను తయారుచేసే సౌకర్యం మాత్రం విండోస్‌లో లేదు, దానికి ఇమ్‌గ్‌బర్న్ వంటి ఉచిత ప్రోగ్రాము కావాలి. ఇలాంటి ఉచిత ప్రోగ్రాములను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనం అడగని ఇతర ప్రోగ్రాములు కూడా వెంట రావచ్చు, అందుకే ప్రతి పేజీ చదివి అనవసరమైన టిక్కులు తీసేయండి. మాక్‌లో అయితే డిస్క్ యుటిలిటీతోనే డిస్కు ప్రతి తీసుకోవచ్చు.

ప్రతి తీసే ముందు డిస్కును మెత్తటి పొడి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తుడవవద్దు. చదవడంలో లోపాలు వస్తే వేగం తగ్గించి ప్రయత్నించండి, లేదా వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చదవలేని డిస్కును మరొకటి చదవడం నేను చూశాను. పని పూర్తయ్యాక అదే యంత్రంలో ఐఎస్‌ఓను తెరిచి, అందులోని పెద్ద ఫైళ్లు తప్పుల్లేకుండా కాపీ అవుతున్నాయో లేదో పరీక్షించండి.

దాన్ని కొత్త ల్యాప్‌టాప్‌కు తీసుకువెళ్లే పెన్‌డ్రైవ్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ కన్నా పెద్ద ఫైలును తీసుకోదు. సీడీ 700 ఎంబీ దగ్గరే ఆగుతుంది కనుక ఇబ్బంది లేదు, కానీ నిండుగా ఉన్న డీవీడీ ఆ హద్దు దాటుతుంది. అప్పుడు చోటు ఉన్నా ఫైలు మరీ పెద్దదన్నట్టు సందేశం వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవాటిని వేరేచోట దాచి, ఎక్స్‌ఫ్యాట్‌గానో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానో ఫార్మాట్ చేస్తే అది తీరుతుంది.

ఒకటి కంటే ఎక్కువ డిస్కులుంటే ప్రతిదానికీ విడి ఐఎస్‌ఓ చేయండి. ఇన్‌స్టాలర్ రెండో డిస్కు అడిగినప్పుడు రెండో ఐఎస్‌ఓను తెరిచి, అది వచ్చిన డ్రైవ్ అక్షరాన్ని చూపిస్తే చాలా ప్రోగ్రాములు ఒప్పుకుంటాయి. మొదటి అక్షరమే కావాలని పట్టుబట్టే వాటి కోసం మొదటిదాన్ని ఎజెక్ట్ చేసి రెండోదాన్ని తెరవాలి. ఇన్‌స్టాలేషన్ మధ్యలో యంత్రం రీస్టార్ట్ అయితే, తెరిచి ఉంచిన ఐఎస్‌ఓ దానంతటదే మళ్లీ రాదు, మీరే ఇంకోసారి క్లిక్ చేసి తెరవాలి.

కొన్ని డిస్కులకు, ముఖ్యంగా ఆటలకు, కాపీ నిరోధక రక్షణ ఉంటుంది. సేఫ్‌డిస్క్ అన్నది వాటిలో ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది. దానికి అవసరమైన డ్రైవర్‌లో, అంటే విండోస్ లోతున నడిచే చిన్న ప్రోగ్రాములో భద్రతా లోపాలు ఉన్నందువల్ల మైక్రోసాఫ్ట్ 2015 సెప్టెంబరు నవీకరణతో పాత విండోస్‌లలో దాన్ని నిలిపివేసింది, విండోస్ 10లో అసలు చేర్చలేదు. అలాంటి డిస్కు అసలుదే అయినా, డ్రైవ్ కొన్నా, కొత్త విండోస్‌లో నడవదు. కాబట్టి బయటి డ్రైవ్ మీద డబ్బు ఖర్చుపెట్టే ముందు మీ సాఫ్ట్‌వేర్‌కు ఆ రక్షణ ఉందేమో కనుక్కోండి.

ఇన్‌స్టాల్ మొదలుపెట్టాక ఎదురయ్యే ఆటంకాలు వేరే రకం. కొత్త ల్యాప్‌టాప్ విండోస్ ఎస్ మోడ్‌లో వచ్చి ఉంటే మైక్రోసాఫ్ట్ స్టోరులో లేని ప్రోగ్రామును అది ఒప్పుకోదు. ఆ మోడ్ నుంచి ఉచితంగానే బయటికి రావచ్చు, కానీ తిరిగి అందులోకి వెళ్లడం కుదరదు. కొన్ని పాత ప్రోగ్రాములు నడవడానికి అవసరమైన డాట్‌నెట్ 3.5 అనే విండోస్ భాగం కావాలని సందేశం వస్తే విండోస్ ఐచ్ఛిక సౌకర్యాల జాబితాలో దాన్ని ఎంచుకుంటే సరి. సెటప్ ఫైలును అడ్మినిస్ట్రేటర్‌గా నడపడం, దాని ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద పాత విండోస్‌ను ఎంచుకోవడం చాలా సందర్భాల్లో పనిచేస్తాయి. నాకు ఉపకరించినది మరొకటి ఉంది. తన సొంత ఫోల్డరులోనే సెట్టింగులు రాసుకునే పాత ప్రోగ్రాములకు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాసే అనుమతి ఉండదు, కాబట్టి సీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డరు చేసి దానిలోకి ఇన్‌స్టాల్ చేస్తే, ప్రతిసారీ సెట్టింగులు మాయమయ్యే బాధ తప్పుతుంది.

ఏ కిటుకూ పనిచేయని చోట్లు కూడా ఉన్నాయి. 64 బిట్ విండోస్‌లో బాగా పాత తరానికి చెందిన 16 బిట్ ప్రోగ్రాములు నడవవు, విండోస్ 11 వచ్చిందే 64 బిట్‌లో మాత్రమే. 1990ల నాటి కొన్ని సాఫ్ట్‌వేర్లు తాము 32 బిట్‌వే అయినా వాటి ఇన్‌స్టాలరు 16 బిట్‌ది కావడంతో అక్కడే ఆగిపోతాయి. మాక్‌లో 2019 నాటి కాటలీనా నుంచి 32 బిట్ ప్రోగ్రాములు పూర్తిగా ఆగిపోయాయి. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు బదులు ఆర్మ్ రకం ప్రాసెసరు ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు మామూలు ప్రోగ్రాములను అనుకరణ ద్వారా నడిపినా డ్రైవర్లను అలా నడపలేవు, అందువల్ల డాంగిల్ (లైసెన్సు కోసం కంప్యూటరుకు తగిలించే చిన్న పరికరం) మీద ఆధారపడే సాఫ్ట్‌వేర్లకు అవి అనుకూలం కావు.

ఇలాంటప్పుడు కీ అడగని ప్రతి అంటూ ఇంటర్నెట్‌లో దొరికే వాటి జోలికి దయచేసి వెళ్లకండి. లైసెన్సు కొన్నవారు కూడా విసిగిపోయి ఆ దారి పట్టడం నేను చూశాను. ఆ ఫైళ్లలో ఏం చేర్చారో తెలుసుకునే మార్గం మనకు ఉండదు, పైగా మీ దగ్గర న్యాయంగా కొన్న ప్రతి ఉండగా ఆ ప్రమాదం నెత్తిన పెట్టుకోవలసిన పని లేదు. దానికి బదులు కొత్త ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్‌బాక్స్ వంటి ప్రోగ్రాముతో ఒక కల్పిత యంత్రాన్ని, అంటే కంప్యూటరు లోపలే నడిచే మరో కంప్యూటరు లాంటిదాన్ని ఏర్పరచి, అందులో ఆ సాఫ్ట్‌వేర్‌కు సరిపడే పాత విండోస్‌ను ఎక్కించుకోండి. ఆ విండోస్‌కు కూడా మీ దగ్గర చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. ఐఎస్‌ఓను ఆ కల్పిత యంత్రపు డిస్క్ డ్రైవ్‌కు జతచేస్తే ఇన్‌స్టాలరుకు అది నిజమైన డిస్కులాగే కనిపిస్తుంది. యాక్టివేషన్ పూర్తయ్యాక దాని నెట్‌వర్క్‌ను ఆపేసి, ఫైళ్లను షేర్డ్ ఫోల్డరు ద్వారా మాత్రమే అటూ ఇటూ మార్చుకోండి, ఎందుకంటే ఆ పాత విండోస్‌కు భద్రతా నవీకరణలు ఇక రావు.