కుక్కపిల్ల పళ్ళ సంరక్షణ గురించి మేనకోడలికి

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవి శ్రావణికి అత్తయ్య ఆశీస్సులు.

మీ పొమరేనియన్ పిల్లకు ఐదో నెల నడుస్తోందనీ, పళ్ళు తోమడం ఇప్పటినుంచే మొదలుపెట్టాలా అనీ అడిగావు. ఇప్పుడే మొదలుపెట్టు. అయితే పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చే ఈ వయసులో చిగుళ్ళు సలుపుతుంటాయి కనుక, గట్టిగా రుద్దితే అది బ్రష్‌ను చూసినప్పుడల్లా పారిపోవడం నేర్చుకుంటుంది. ఏడో నెల వచ్చేవరకు నువ్వు సాధించవలసింది శుభ్రత కాదు, నోటి దగ్గర చేయి పెడితే అది ఊరుకోవడం. చూపుడువేలికి తడిపిన నూలుగుడ్డ చుట్టుకొని, పెదవి ఎత్తి, నాలుగైదు పళ్ళు మెల్లగా తుడిచి, వెంటనే మెచ్చుకొని వదిలెయ్యి.

బ్రష్‌కు మారాక నోరు తెరిపించాలని పెనుగులాడవద్దు. ఎదిగిన కుక్కకు 42 పళ్ళుంటాయి గాని, పాచి ఎక్కువగా చేరేది బుగ్గవైపున, అందులోనూ పై దవడలో వెనకనున్న పెద్ద పన్ను మీద; లాలాజలం వచ్చే నాళం అక్కడికి దగ్గరలోనే తెరుచుకుంటుంది. లోపలివైపు నాలుక రాపిడి కొంత పని చేసిపెడుతుంది. కాబట్టి నోరు మూసి ఉండగానే, మెత్తని కుచ్చున్న చిన్న బ్రష్‌ను పెదవి కిందుగా జొనిపి, పన్నూ చిగురూ కలిసే చోట ఏటవాలుగా పట్టుకొని, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్లు తోము. చిన్న జాతి కుక్కలకు ఇరుకు దవడలో పళ్ళన్నీ ఒత్తుకొని ఉంటాయి కనుక చిగుళ్ళ జబ్బు వాటికే ఎక్కువ.

రోజూ తోమమనడం చాదస్తం కాదు. పాచి రెండు మూడు రోజుల్లోనే లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గారగా మారుతుంది. బోరునీళ్ళు కాచిన గిన్నెకు పట్టిన పొరలాగా, అది ఆ తరువాత ఎంత తోమినా రాదు. ఆదివారం పావుగంట శ్రమపడడం కంటే రోజూ ఒక్క నిమిషం మేలు.

మన పేస్టు మాత్రం వాడవద్దు. కుక్క ఉమ్మివేయలేదు, మింగేస్తుంది. ఫ్లోరైడ్ దానికి మంచిది కాదు, కొన్ని పేస్టుల్లో తీపి కోసం కలిపే జైలిటాల్ అయితే రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొట్టి ప్రాణం మీదికి తెస్తుంది. ఉప్పు, పళ్ళపొడి కూడా వద్దు. కుక్కల పేస్టు దొరకని రోజున ఉత్త నీళ్ళతో తోమినా చాలు, ఎందుకంటే పాచిని వదిలించేది ప్రధానంగా రాపిడే.

దుమ్ములు కొరికితే పళ్ళు వాటంతటవే శుభ్రపడతాయని ఇంటికి వచ్చిన ప్రతివారూ చెబుతారు. వినవద్దు. ఉడికిన ఎముక పెళుసుబారి చీలికలై గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది, పచ్చి ఎముకైనా గట్టిదైతే ఆ వెనక పన్నే విరుగుతుంది. నమలడానికి ఏది ఇచ్చినా ముందు గోటితో నొక్కి చూడు. నొక్కు పడనిది ఇవ్వవద్దు.

నోటి దుర్వాసన కుక్కలకు సహజమేనని సరిపెట్టుకోవద్దు. వాసనతో పాటు చిగుళ్ళ అంచు ఎర్రబడినా, ఒకవైపే నములుతున్నా, కంటి కింద వాచినా పశువైద్యునికి చూపించు. మీ విజయవాడకు దగ్గరలోనే గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. గార తీయించవలసి వస్తే మత్తు ఇచ్చే చేయాలి. మత్తు లేకుండా గీకితే పైకి తెల్లగా కనిపిస్తుందే తప్ప చిగురు కిందిది అలాగే మిగిలిపోతుంది. మత్తుకు ముందు రక్తపరీక్ష చేయిస్తామంటే ఖర్చని వెనుకాడవద్దు.

మరొకటి. పొమరేనియన్‌లకు పాలకోరలు ఊడకుండానే వాటి పక్కన కొత్త కోరలు రావడం తరచూ జరుగుతుంది. ఆ రెంటి సందున తిండి ఇరుక్కొని గార త్వరగా పడుతుంది, కొత్త కోర కూడా వంకరగా పెరుగుతుంది. అందుచేత వారానికొకసారి పెదవి ఎత్తి చూస్తుండు. ఒకేచోట రెండు కోరలు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ దగ్గరలోనే ఉంటే, ఆ మత్తులోనే పాలకోరను కూడా తీయవచ్చునేమో అడుగు.

ఇట్లు,
మీ అత్తయ్య